రూటర్ లేని ఇంట్లో ఫోన్‌ని టీవీకి కలపడం: గుణుపూర్ తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వు రాసింది ఇదీ. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గర గుణుపూర్‌లో ఇల్లు, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు, చేతిలో రెడ్‌మీ ఫోన్, గోడకి 32 అంగుళాల చవక రకం స్మార్ట్ టీవీ. కేబుల్‌లో ఒడియా, హిందీ ఛానళ్లే ఎక్కువ, మీ అమ్మగారికేమో తెలుగు ప్రవచనాలు, సీరియళ్లు కావాలి. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి టీవీని దానికి కలిపితే టీవీలో యూట్యూబ్ వస్తోంది. కానీ ఫోన్‌లో క్యాస్ట్ నొక్కితే టీవీ పేరు కనిపించి, 'కనెక్ట్ అవుతోంది' అని కాసేపు తిరిగి ఆగిపోతోంది. ఒకసారి ఎలాగో కలిసింది, తీరా హాట్‌స్టార్ పెడితే మాట వినిపించింది, బొమ్మ మాత్రం నల్లగా ఉండిపోయింది. బజార్లో షాపతను ఆరొందలు పెట్టి ఫోన్ ఛార్జింగ్ రంధ్రం (టైప్ సి) నుంచి టీవీ హెచ్‌డీఎంఐ రంధ్రానికి వెళ్లే కేబుల్ కొనమన్నాడు, కొనాలా అని అడిగావు.

కేబుల్ సంగతి ముందే చెప్పేస్తాను: కొనకు. కారణం కింద రాస్తాను.

నేను పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా టీవీలు బాగుచేస్తున్నాను, డబ్బా టీవీల రోజుల నుంచి. ఇప్పుడు బాగుచేసేది తక్కువైపోయింది, ఇదిగో ఇలా ఫోన్‌కీ టీవీకీ ముడి వేసి ఇచ్చే పనే ఎక్కువ. మన సరిహద్దు ఊళ్లలో ఈ అవసరం మరీ ఎక్కువ, ఎందుకంటే మనం ఇంట్లో మాట్లాడేది తెలుగు, కేబుల్ వచ్చేది ఒడిశా లెక్కన. అందుకే నీ ప్రశ్నకి పొడుగ్గా రాస్తున్నాను, నీలాంటి వాళ్లు ఇంకా పదిమంది ఉంటారు.

ఫోన్‌ని టీవీకి కలపడం అని అందరం ఒకే మాట అంటాం గానీ అందులో రెండు వేర్వేరు పనులున్నాయి. నీ ఇబ్బంది అంతా ఈ రెండూ కలిసిపోవడం వల్ల వచ్చిందే.

ఒకటి, ఫోన్ తెరని ఉన్నదున్నట్టు టీవీ మీద చూపించడం. మిర్రరింగ్ అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో దీనికి వాడే పద్ధతి పేరు మిరాకాస్ట్, 2012లో వైఫై అలయన్స్ అనే కంపెనీల సంఘం తెచ్చింది. ఇందులో ఫోనూ టీవీ మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా వైఫై మీద మాట్లాడుకుంటాయి. రూటర్ అక్కర్లేదు, టీవీకి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఫోన్ తన తెరని ఎప్పటికప్పుడు వీడియోగా మార్చి టీవీకి పంపుతూనే ఉంటుంది కాబట్టి ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగుతుంది, తెర ఆపితే టీవీలో బొమ్మా పోతుంది. మధ్యలో నీకు ఫోన్ వస్తే అమ్మగారి సీరియల్ ఆగిపోయి నీ కాల్ టీవీ మీద కనిపిస్తుంది.

రెండోది క్యాస్టింగ్. ఇందులో ఫోన్ వీడియో పంపనే పంపదు. ఫలానా వీడియో ఫలానా చోట ఉంది, నువ్వే తెచ్చుకుని చూపించు అని టీవీకి చెప్పి ఊరుకుంటుంది, ఇంటర్నెట్ నుంచి వీడియోని లాక్కునేది టీవీయే. గూగుల్ 2013లో క్రోమ్‌కాస్ట్ అనే చిన్న పరికరంతో దీన్ని ఇంటింటికీ తెచ్చింది, ఇప్పుడు అది ఆండ్రాయిడ్ టీవీల్లో, గూగుల్ టీవీల్లో లోపలే ఉంటోంది. యూట్యూబ్‌లో పైన కుడివైపు చిన్న టీవీ బొమ్మ, మూలన మూడు వంపు గీతలు ఉంటాయి చూడు, అది ఇదే. వీడియో మొదలయ్యాక నువ్వు ఫోన్ లాక్ చేసి జేబులో పెట్టుకోవచ్చు, కాల్ మాట్లాడుకోవచ్చు, టీవీ తన మానాన తను ఆడుతుంది. కానీ ఇది జరగాలంటే ఫోనూ టీవీ రెండూ ఒకే వైఫైలో ఉండాలి, ఆ వైఫైకి ఇంటర్నెట్ ఉండాలి.

రూటర్ ఉన్న ఇంట్లో ఈ తేడా పెద్దగా తెలియదు, ఏది నొక్కినా ఏదో ఒకటి పనిచేస్తుంది. రూటర్ లేని నీ ఇంట్లోనే ఇది మెడకి చుట్టుకుంటుంది. నీ ఫోన్ సెట్టింగ్స్‌లో క్యాస్ట్ అని ఉన్నది నిజానికి మిర్రరింగ్, అంటే మిరాకాస్ట్. పేరు క్యాస్ట్ అని పెట్టారు, పని మొదటి రకం. మిరాకాస్ట్ మొదలవ్వాలంటే ఫోన్‌లోని వైఫై హాట్‌స్పాట్‌లో ఇరుక్కోకుండా ఉండాలి. నీ ఫోన్ వైఫై ఏమో అప్పటికే హాట్‌స్పాట్ పనిలో ఉంది. మన బడ్జెట్ ఫోన్లు చాలావాటికి ఒకేసారి హాట్‌స్పాటూ మిరాకాస్టూ రెండూ మోయడం చేతకాదు, ఒకటి మొదలైతే ఇంకోటి పడిపోతుంది. అటు టీవీది కూడా అదే కథ, దాని వైఫై చిప్ నీ హాట్‌స్పాట్‌ని పట్టుకుని ఉంది, దాన్ని వదలకుండా ఫోన్‌తో నేరుగా కలవమంటే తడబడుతుంది. పేరు కనిపించడం, తిరగడం, ఆగిపోవడం అందుకే. నీ ఫోన్‌లో లోపం లేదు, టీవీలోనూ లేదు, టెన్షన్ పడకు.

అందుకని ముందు ఇది చెయ్యి. ఫోన్‌లో హాట్‌స్పాట్ పూర్తిగా ఆపు. వైఫై ఆన్ చెయ్యి, కానీ ఏ నెట్‌వర్క్‌కీ కలపకు. మొబైల్ డేటా ఆన్‌లోనే ఉండనీ. లొకేషన్ కూడా ఆన్ చెయ్యి, పాత ఆండ్రాయిడ్‌లో చుట్టుపక్కల వైఫై పరికరాల్ని వెతకాలంటే అది కావాలి, ఆండ్రాయిడ్ 13 నుంచి 'దగ్గరలోని పరికరాలు' అని వేరే అనుమతి అడుగుతుంది, అడిగితే ఇచ్చెయ్యి. ఇప్పుడు టీవీలోకి వెళ్లి నీ హాట్‌స్పాట్ పేరు మీద 'మర్చిపో' నొక్కు, అయితే టీవీ వైఫై మాత్రం ఆన్‌లోనే ఉంచు. తర్వాత టీవీలో మిరాకాస్ట్ అనో, స్క్రీన్ మిర్రరింగ్ అనో, వైర్‌లెస్ డిస్‌ప్లే అనో ఉన్న యాప్ తెరువు, చవక టీవీల్లో అది తెరిచి ఉంచితేనే ఫోన్‌కి జవాబిస్తుంది. అది ఎదురుచూస్తూ ఉండగా ఫోన్‌లో క్యాస్ట్ నొక్కు. పదిహేను ఇరవై సెకన్లు ఆగు, మధ్యలో మళ్లీ మళ్లీ నొక్కితే మొదటికొస్తుంది.

ఫోన్‌లో అది ఎక్కడుందో దొరక్కపోతే సెట్టింగ్స్ పైన వెతికే గడిలో క్యాస్ట్ అని కొట్టు, ప్రతి కంపెనీ దాన్ని ఒక్కో మూల పెడుతుంది. శాంసంగ్‌లో స్మార్ట్ వ్యూ అంటారు, ఒప్పో, రియల్‌మీల్లో స్క్రీన్‌క్యాస్ట్ అని ఉంటుంది. ఇంట్లో ఇంకెవరిదైనా పిక్సెల్ ఫోన్ ఉంటే అందులో వెతికి అలసిపోవద్దు, 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి గూగుల్ తన ఆండ్రాయిడ్‌లోంచి మిరాకాస్ట్‌ని తీసేసింది, మిగతా కంపెనీలు తమంతట తాము ఉంచుకున్నాయి. ఐఫోన్‌కీ మిరాకాస్ట్ లేదు, దానిది ఎయిర్‌ప్లే, టీవీలో ఆ పేరుతో సదుపాయం ఉంటేనే పనిచేస్తుంది.

ఇది ఒక రాత్రి సినిమాకి, ఫోన్‌లో ఉన్న పెళ్లి ఫొటోలు చుట్టాలకి చూపించడానికి, పిల్లల ఆన్‌లైన్ క్లాసుకి బాగుంటుంది. మీ అమ్మగారికి రోజూ ఇదే పద్ధతి అంటే మాత్రం నేను ఒప్పుకోను. రోజూ నీ ఫోన్ టీవీ ముందు కట్టేసుకుని కూర్చోవాలి, నువ్వు పనికి వెళ్తే ఆవిడకి ఏమీ రాదు. ఆవిడ కోసం రెండో దారి, క్యాస్టింగ్, దానికి ఇంట్లో ఒక వైఫై కావాలి. రూటర్ లేకపోయినా ఆ వైఫైని తయారుచేసుకోవచ్చు.

ఇంట్లో పాత ఫోన్ ఉందా? తెర పగిలింది, స్పీకర్ పోయింది, ఏదైనా సరే, 4జీ పట్టి హాట్‌స్పాట్ ఇస్తే చాలు. అందులో ఒక డేటా సిమ్ వేసి దాన్నే ఇంటి రూటర్ చెయ్యి. టీవీని దాని హాట్‌స్పాట్‌కి కలుపు, నీ ఫోన్‌నీ ఇంట్లో ఉన్నంతసేపు దానికే కలుపు. ఇప్పుడు ఇద్దరూ ఒకే వైఫైలో ఉన్నారు, హాట్‌స్పాట్ బరువు మూడోవాడి మీద ఉంది, టీవీలో క్యాస్ట్ సదుపాయం ఉంటే (ఉందో లేదో చూసే పరీక్ష కింద రాస్తాను) నీ యూట్యూబ్‌లో టీవీ బొమ్మ నొక్కితే టీవీ పేరు వస్తుంది.

దీనివల్ల ఇంకో లాభం ఉంది, మన వైపు వాళ్లకే బాగా అర్థమవుతుంది. కొండల మధ్య ఊళ్లలో, ఇంట్లో అన్ని చోట్లా సిగ్నల్ రాదు. పర్లాకిమిడిలో మా మేనత్త వాళ్లది మందపాటి గోడల పెంకుటిల్లు, టీవీ ఉన్న నడిమి గదిలో సిగ్నల్ ఒక్క గీత, అదే వీధి వైపు కిటికీ గూట్లో పెడితే నాలుగు గీతలు. మిర్రరింగ్‌కి ఫోన్ టీవీ దగ్గరుండాలి, ఇంటర్నెట్‌కేమో కిటికీ దగ్గరుండాలి, రెండు చోట్లా ఒక్క ఫోన్ ఎలా ఉంటుంది? పాత ఫోన్‌ని కిటికీ గూట్లో పెట్టి, ఛార్జర్ తగిలించి, దాని హాట్‌స్పాట్ మీద నడిమి గదిలో టీవీ పెట్టించాను. మూడేళ్లయింది, అదే నడుస్తోంది. గూట్లో పెట్టేటప్పుడు ఫోన్ వెనక కవర్ తీసెయ్యి, గుడ్డ కప్పకు, ఎండ పడే చోట పెట్టకు. రోజంతా ఛార్జింగ్‌లో ఉంచకు, టీవీ చూసేటప్పుడే పెట్టు. పాత బ్యాటరీ ఉబ్బుతుంది, వారానికోసారి వెనక తడిమి చూడు, కొంచెం ఉబ్బెత్తుగా అనిపించినా ఆ ఫోన్ పక్కన పెట్టెయ్యి, ఇందులో మొహమాటం వద్దు.

హాట్‌స్పాట్ సెట్టింగ్‌లో బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్ పెట్టు. చవక టీవీలు చాలావాటికి 5 గిగాహెర్ట్జ్ కనపడదు, అందులో పెడితే నీ హాట్‌స్పాట్ పేరే టీవీలో రాదు, టీవీ పాడైపోయిందనుకుని నా దగ్గరికి మోసుకొచ్చినవాళ్లు ఉన్నారు. పైగా 2.4 గోడలు దాటి కాస్త దూరం పోతుంది, 5 వేగం ఎక్కువే గానీ రెండు గోడలు అడ్డొస్తే నీరసపడుతుంది. రెండూ ఉన్న మంచి టీవీ, అదే గదిలో రూటర్ ఉంటే 5 వాడుకో. టీవీ పక్కన ఇనప బీరువా ఉంటే కొంచెం జరుపు, వైఫైకి ఇనుము పెద్ద శత్రువు.

రెండో ఫోన్ లేదు, ఒక్క ఫోనే ఉంది అనుకో. అప్పుడు కూడా యూట్యూబ్ వరకు ఒక దారి ఉంది, చాలామందికి తెలియదు. నీ హాట్‌స్పాట్‌లో టీవీకి యూట్యూబ్ వస్తోంది కదా. టీవీ యూట్యూబ్ సెట్టింగ్స్‌లో 'టీవీ కోడ్‌తో లింక్ చేయి' అని ఉంటుంది, అక్కడ ఒక అంకెల కోడ్ చూపిస్తుంది. ఫోన్ యూట్యూబ్‌లో క్యాస్ట్ బొమ్మ నొక్కి, ఆ కోడ్ కొట్టు. ఈ లింకు ఇంటర్నెట్ మీదుగా జరుగుతుంది, ఒకే వైఫైలో ఉండాలన్న నియమం దీనికి లేదు. ఒకసారి కలిపితే గుర్తుంటుంది. రిమోట్‌తో ఒక్కో అక్షరం నొక్కే కష్టం తప్పి, నువ్వు ఫోన్‌లో తెలుగులో మాట్లాడి వెతికిన ప్రవచనం టీవీలో మొదలవుతుంది.

ఇప్పుడు నల్ల బొమ్మ సంగతి. హాట్‌స్టార్, నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటి యాప్‌లు తమ వీడియోని కాపీ కొట్టకుండా తాళం వేసి పంపుతాయి. మిర్రరింగ్ అంటే తెరని కాపీ తీసి పంపడమే కదా, ఎదుటి టీవీ ఆ తాళాన్ని పద్ధతిగా గౌరవిస్తుందని నమ్మకం కుదరకపోతే యాప్ బొమ్మని ఆపేస్తుంది, మాట మాత్రం వినిపిస్తుంది. ఇది కావాలని పెట్టిన ఏర్పాటు, ఏ సెట్టింగ్ మార్చినా పోదు, దీన్ని దాటిస్తామనే యాప్‌లు ఇన్‌స్టాల్ చెయ్యకు. దీనికి దారి రెండే, టీవీలోనే ఆ యాప్ వేసుకోవడం, లేదా యాప్ లోపల క్యాస్ట్ బొమ్మ ఉంటే అది వాడడం (నెట్‌ఫ్లిక్స్ చాలా టీవీలకి దీన్ని 2025లో తీసేసింది).

అయితే నీ విషయంలో ఇంకో చిక్కు ఉండొచ్చు, ముందు అది చూసుకో. నీ హాట్‌స్టార్ రీఛార్జ్‌తో వచ్చిందా? అలా వచ్చేవాటిలో కొన్ని మొబైల్ ప్లాన్లు, ఫోన్ మీద చూడడానికి మాత్రమే, టీవీలో లాగిన్ అయితే ప్లాన్ మార్చుకోమంటుంది. నెట్‌ఫ్లిక్స్‌లో కూడా 149 రూపాయల ప్లాన్ ఫోన్‌కీ ట్యాబ్‌కీ మాత్రమే. యాప్‌లో నీ అకౌంట్‌లోకి వెళ్లి ప్లాన్ పేరు చదువు, మొబైల్ అని ఉంటే ఇక టీవీ గురించి గంటలు గంటలు కుస్తీ పట్టక్కర్లేదు, డబ్బు కట్టి పై ప్లాన్ తీసుకోవాలి లేదా వదిలెయ్యాలి. ఈ ఒక్క మాట ఎవరూ ముందు చెప్పక ఎంతమంది ఆదివారాలు పాడుచేసుకున్నారో.

ఇక కేబుల్. టైప్ సి రంధ్రం ఉన్న ప్రతి ఫోన్ నుంచీ వీడియో బయటికి రాదు. రావాలంటే ఫోన్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే సదుపాయం ఉండాలి, అది శాంసంగ్ ఎస్ సిరీస్ లాంటి ఖరీదైన ఫోన్లలో ఉంటుంది. బడ్జెట్ ఫోన్లు చాలావాటిలో టైప్ సి ఆకారమే, లోపల యూఎస్‌బీ 2.0, ఛార్జింగ్, డేటా తప్ప వీడియో పోదు. ఆరొందల కేబుల్ తగిలిస్తే టీవీలో 'నో సిగ్నల్' అని వస్తుంది. షాపతను మోసగాడని అనడం లేదు, అతనికీ తెలిసి ఉండదు, కానీ నీ డబ్బు పోతుంది.

ఆ డబ్బుకి ఇంకా కలిపి స్టిక్ (టీవీ హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టే చిన్న పరికరం, యాప్‌లు అందులోనే నడుస్తాయి) కొనడం నయం, అదీ నీ టీవీకి నిజంగా అవసరమైతేనే. ముందు ఇది పరీక్ష చెయ్యి: టీవీలో అసలైన ప్లే స్టోర్ ఉందా, గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అడిగిందా, పెట్టె మీద ఆండ్రాయిడ్ టీవీ అనో గూగుల్ టీవీ అనో స్పష్టంగా ఉందా. ఉంటే క్యాస్ట్ లోపలే ఉంది, ఇంకేమీ కొనక్కర్లేదు. కొన్ని చవక టీవీల్లో ఫోన్లకి వాడే ఆండ్రాయిడ్‌నే టీవీలోకి ఎక్కించి స్మార్ట్ అని అమ్ముతారు, వాటికి గూగుల్ అనుమతి ఉండదు, క్యాస్ట్ బొమ్మ నొక్కితే వాటి పేరు కనిపించదు, ఏ యాప్ వేసినా నత్తలా నడుస్తుంది. నీది అదే అని నా అనుమానం. అలాంటి టీవీకి ఒక స్టిక్ పెడితే కొత్త టీవీ అయినట్టే. ఫైర్ టీవీ స్టిక్ అయినా, గూగుల్ టీవీ ఉన్న పెట్టె అయినా పర్లేదు. ఫైర్ స్టిక్ కొనేటప్పుడు డిస్‌ప్లే మిర్రరింగ్ ఉన్న మోడలేనా అని వివరాల్లో చదివి కొను. గూగుల్ క్రోమ్‌కాస్ట్ తయారీని 2024 ఆగస్టులో ఆపేసింది, ఇప్పుడు ఎవరైనా పాతది అమ్ముతానంటే ఆలోచించి తీసుకో. ఆ పాతవాటిలో రెండో తరానివి 2025 మార్చిలో ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి, లోపల ఉన్న భద్రతా సర్టిఫికెట్ పదేళ్ల గడువు తీరిపోవడమే కారణం, తర్వాత గూగుల్ సరిచేసింది గానీ ఆ నాలుగు రోజులూ మా షాపు ముందు జనం. ఫ్యాక్టరీ రీసెట్ చేసినవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడ్డారు. ఏ పరికరమైనా ఉన్నట్టుండి ఊరందరికీ ఒకేరోజు ఆగిందంటే తప్పు నీ ఇంట్లో ఉండదు, రీసెట్ చెయ్యకుండా రెండు రోజులు ఆగు.

స్టిక్ పెట్టేవాళ్లకి ఒక్క జాగ్రత్త, దీన్ని నేను నా కళ్లారా చూశాను. మా వీధి చివర రిటైరైన మాస్టారింట్లో స్టిక్ రోజూ సాయంత్రం ఏడు దాటాక దానంతట అదే ఆగి మళ్లీ మొదలయ్యేది. మాస్టారు మూడుసార్లు మార్పించారు, అదే వరస. నేను వెళ్లి టీవీ వెనక చెయ్యి పెట్టి చూస్తే స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ రంధ్రం నుంచి ఇచ్చి ఉంది. టీవీల్లో ఆ రంధ్రం చాలాసార్లు అర ఆంపియర్ మాత్రమే ఇస్తుంది, పెన్‌డ్రైవ్‌కి సరిపోతుంది, స్టిక్‌కి చాలదు. దానికి తోడు ఏడింటికి అందరిళ్లలో ఫ్యాన్లూ మోటార్లూ ఆన్ అయి వోల్టేజ్ దిగుతుంది. పెట్టెలో వచ్చిన ఛార్జర్ అల్మరాలో ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా ఉంది. అది తీసి గోడ ప్లగ్‌కి పెట్టాను, స్టిక్‌ని టీవీ వెనక ఇరుకులోంచి పెట్టెలోనే ఇచ్చిన పొట్టి హెచ్‌డీఎంఐ తీగతో పక్కకి లాగాను. ఆరోజు నుంచి ఆగలేదు. మాస్టారి భార్య ఆ సాయంత్రం సీరియల్ అయ్యేదాకా నన్ను కదలనివ్వలేదు, మళ్లీ ఆగుతుందేమోనని.

పాత డబ్బా టీవీకి ఎర్ర, తెల్ల, పసుపు రంధ్రాలే ఉంటే హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే చిన్న పెట్టె కావాలి. పనిచేస్తుంది, అక్షరాలు మాత్రం మసకగా ఉంటాయి.

అన్నీ సరిగ్గా పెట్టినా టీవీ పేరు కనిపించకపోతే నేను చూసే వరస చెప్తాను. ఫోన్‌లో వీపీఎన్ (ఇంటర్నెట్‌ని వేరే దారి మళ్లించే యాప్) ఉంటే ఆపు. రూటర్ ఉన్నవాళ్లు ఫోన్ చుట్టాల కోసం విడిగా పెట్టే గెస్ట్ వైఫైలో, టీవీ అసలు వైఫైలో ఉందేమో చూడాలి. క్యాస్ట్ అంటే ఫోన్ ఆ వైఫైలోకి ఇక్కడ టీవీ ఎవరైనా ఉన్నారా అని కేక వేయడం, టీవీ నేనున్నాను అని పలకడం. రూటర్‌లో ఏపీ ఐసోలేషన్ ఆన్ అయి ఉంటే ఒకరి కేక ఇంకొకరికి వినపడదు, హాస్టళ్లలో, లాడ్జీల్లో పనిచేయకపోవడానికి ఇదే కారణం. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి లోకల్ నెట్‌వర్క్ అనుమతి చూడాలి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఇది ఉంది, మొదటిసారి అడిగినప్పుడు వద్దని నొక్కితే అప్పటి నుంచి ఆ యాప్‌కి టీవీ కనపడదు. శాంసంగ్ టీవీలో ఇలాంటిదే ఇంకోటుంది. కొత్త ఫోన్ కలవబోతే అనుమతించాలా అని టీవీ అడుగుతుంది, పిల్లలు ఆడుకుంటూ వద్దని నొక్కుతారు, ఇక ఆ ఫోన్‌ని టీవీ రానివ్వదు. టీవీ సెట్టింగ్స్‌లో ఎక్స్‌టర్నల్ డివైస్ మేనేజర్, అందులో డివైస్ కనెక్ట్ మేనేజర్, అందులో డివైస్ లిస్ట్ తెరిచి నీ ఫోన్ పేరు తీసేసి మళ్లీ కలుపు. ఇవేవీ కాకపోతే టీవీని రిమోట్‌తో కాదు, ప్లగ్ దగ్గర ఆపి ఒక నిమిషం ఆగి పెట్టు. రిమోట్‌తో ఆపితే అది నిద్రపోతుందంతే, లోపల పాత గందరగోళం అలాగే ఉంటుంది.

డేటా లెక్క కూడా వేసుకో. మిరాకాస్ట్‌లో ఫోన్ నుంచి టీవీకి వెళ్లేదానికి డేటా ఖర్చు కాదు, ఫోన్ ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునేదే ఖర్చు. క్యాస్ట్‌లో అదే ఖర్చు టీవీ చేస్తుంది. కానీ తేడా ఎక్కడ వస్తుందంటే, టీవీ పెద్ద తెర కాబట్టి తనంతట తాను ఎక్కువ నాణ్యత ఎంచుకుంటుంది. నెట్‌ఫ్లిక్స్ చెప్పిన లెక్క ప్రకారం హెచ్‌డీలో గంటకి 3 జీబీ దాకా, మామూలు నాణ్యతలో గంటకి 1 జీబీ దాకా అవుతుంది. రోజుకి 2 జీబీ ప్యాక్ అయితే హెచ్‌డీలో ఒక సినిమా సగం కూడా కాకముందే అయిపోతుంది, ఆ తర్వాత వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతే యూట్యూబ్ గుండ్రంగా తిరగడం తప్ప ఆడదు. టీవీ యూట్యూబ్‌లో వీడియో ఆడుతుండగా నాణ్యత 480 పెట్టు. 32 అంగుళాల టీవీని మంచం మీద నుంచి చూసే అమ్మగారికి ప్రవచనంలో అది చాలు.

భద్రత విషయంలో రెండు మాటలు, వీటిని తేలిగ్గా తీసుకోకు. మిర్రరింగ్‌లో నీ ఫోన్‌కి వచ్చే ప్రతి మెసేజ్ టీవీ మీద కనిపిస్తుంది, బ్యాంకు ఓటీపీతో సహా. ఇంట్లో చుట్టాలున్నప్పుడు ముందు 'డు నాట్ డిస్టర్బ్' పెట్టి అప్పుడు కలుపు. రెండోది, ఫోన్ టీవీకి కలవకపోతే ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి ఫోన్ చేయకు. అక్కడ దొరికే నంబర్లలో దొంగ నంబర్లు ఉంటాయి, వాళ్లు స్క్రీన్ షేరింగ్ యాప్ ఒకటి వేయించి నీ ఫోన్ తెరని వాళ్ల దగ్గర చూస్తూ అకౌంట్ ఖాళీ చేస్తారు. టీవీకి కలపడానికి ఏ బయటి మనిషీ నీ తెర చూడాల్సిన పని లేదు. ప్లే స్టోర్‌లో 'క్యాస్ట్ టు టీవీ' అని డజన్ల కొద్దీ ఉండే యాప్‌లు కూడా వద్దు, ఫోన్‌లో ఉన్న సదుపాయాన్నే ప్రకటనలు పెట్టి, వారానికింత అని డబ్బు అడిగి ఇస్తాయి.

పెళ్లి వీడియోలాంటివి ఫోన్‌లో ఉంటే వైఫై గొడవ లేకుండా పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టడం తేలిక. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ ఎక్కదు, అది గుర్తుంచుకో.

ఇక అమ్మగారి సంగతి, ఎందుకంటే నువ్వు అడిగిందంతా ఆవిడ కోసమే. పాత ఫోన్ దొరికితే కిటికీ గూట్లో హాట్‌స్పాట్ పెట్టు, స్టిక్ వేస్తే సరే, లేకపోయినా టీవీ యూట్యూబ్ చాలు. టీవీలో నీ అకౌంట్‌తో లాగిన్ చేసి, ఆవిడ చూసే ప్రవచనాలూ పాటలూ ఒక ప్లేలిస్ట్‌లో పెట్టు. ఆదివారం ఆవిడ పక్కన కూర్చుని రిమోట్ ఆవిడ చేతికే ఇచ్చి మూడు బటన్లు మాత్రం నేర్పు: ఇల్లు బొమ్మ, సరే, వెనక్కి. నువ్వు నొక్కి చూపించకు, ఆవిడ చేతే నొక్కించు. నువ్వు రాయగడలోనో భువనేశ్వర్‌లోనో ఉన్నా, ఆ టీవీ కోడ్ లింకు ఉంటే అక్కడి నుంచే కొత్త వీడియో పెట్టొచ్చు, టీవీ ఆన్‌లో ఉండి యూట్యూబ్ తెరిచి ఉంటే చాలు. సీరియళ్లు మాత్రం రోజూ కావాలంటే డీటీహెచ్‌లో తెలుగు ఛానళ్లు విడివిడిగా తీసుకో, 2019లో వచ్చిన ట్రాయ్ (టెలికాం, టీవీ ఛానళ్ల నియంత్రణ సంస్థ) పద్ధతి నుంచి ఏ ఛానల్ కావాలంటే దానికే డబ్బు కట్టి ఎంచుకోవచ్చు, అడ్రస్ ఒడిశాలో ఉందని ఒడియా ప్యాకే తీసుకోవాలని లేదు. రోజుకి నాలుగు సీరియళ్లు మొబైల్ డేటా మీద చూపించడం కంటే నెలకి అది తక్కువలో పోతుంది.

ముందు హాట్‌స్పాట్ ఆపి మిరాకాస్ట్ ఒకసారి చేసి చూడు. కలవకపోతే టీవీ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటుంది, అదీ, నీ ఫోన్ మోడలూ రాయి. రాత్రి షాపు కట్టాక చూసి జవాబిస్తాను.